ముందు నీళ్లు

ఇంటి నుంచి,
మార్చి 14, శుక్రవారం.

వదినగారికి మీ వదిన నమస్కారాలు.

మేమంతా ఇక్కడ కులాసా అని మొదలుపెట్టమంటే మీ అమ్మాయి కలం ఆపేసి కూర్చుంది. రెండు కళ్లకూ కట్టు కట్టుకుని కులాసా ఏమిటత్తయ్యా, అమ్మ నమ్మదు అంటోంది. సరే, ఇంటిల్లిపాదీ కులాసా, నేను ఒక్కదాన్నే కాస్త తక్కువ కులాసా అని రాయమన్నాను. మీరంతా బాగున్నారనీ, మోకాలి నొప్పి తగ్గి మళ్లీ కుట్టు మిషను తొక్కుతున్నారనీ అనుకుంటున్నాను.

చేతిరాత చూడగానే గుర్తుపట్టి ఉంటారు. అక్షరాలు మీ అమ్మాయివి, మాటలు నావి. ఈ ఉత్తరంలో ఆ పిల్లను పొగిడే చోట్లు చాలా వస్తాయి. తన పొగడ్త తనే రాసుకోవడానికి ఇప్పటి నుంచే మెలికలు తిరిగిపోతోంది. ఒక్క ముక్క మింగినా ఊరుకోను, కవరు అంటించే ముందు మా తమ్ముడి చేత మొత్తం చదివించుకుని వింటానని బెదిరించాను. కాబట్టి మీకు అందేది నేను చెప్పింది చెప్పినట్టే.

మీ ఉత్తరం అందింది. మీ అల్లుడు చదివి వినిపించాడు. నా కూతురి మీద చుక్క పడకముందే పంపించెయ్యండి, ఆ సబ్బుల పని మీరే చేసుకోండి అని రాశారు. మీ మాటకు నాకు కోపం రాలేదు. మీ స్థానంలో నేనుంటే ఉత్తరం దాకా ఆగేదాన్ని కాదు. బండెక్కి వచ్చి, జబ్బ పట్టుకుని తీసుకుపోయేదాన్ని. ఫోనులో మాట్లాడదామంటే మీరు ఏడుస్తారు, నేను అరుస్తాను, సంగతి సాగదు. అందుకని జరిగింది జరిగినట్టు నెమ్మదిగా చెబుతాను. చివరిదాకా చదివి, అప్పుడు మీకేం తోస్తే అది చేయండి.

ముందు మీ చెవిన పడ్డ తప్పుమాట ఒకటి సరిచేయాలి. కంట్లో యాసిడ్ పడిందని మీ అల్లుడు కంగారులో అన్నాడట. యాసిడ్ కాదు వదినగారూ, దానికి ఎదురు పక్షం. కాస్టిక్ సోడా. నూనెతో కలిసి సబ్బయ్యేది అదే. మీ అమ్మాయి భాషలో యాసిడ్‌ను ఆమ్లమనీ, దీన్ని క్షారమనీ అనాలి. ఇన్నేళ్లుగా సబ్బు చేస్తున్నా నాకు రెండూ ఒకటే. రెండూ ఒళ్లు కాల్చేవే కదా అనుకునేదాన్ని.

తేడా ఏమిటో మీ అమ్మాయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో చూపించింది. ఆ రోజు నాకు బాగా గుర్తు. షెడ్డులో అచ్చులు నింపే ఆడవాళ్లిద్దరినీ, నన్నూ, మా తమ్ముణ్ణీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి, రెండు గాజు గ్లాసుల్లో పసుపు నీళ్లు పోసింది. ఒకదాంట్లో నిమ్మకాయ పిండింది. పసుపు పసుపుగానే ఉంది. రెండోదాంట్లో మన సబ్బు ముక్క కరిగించిన నీళ్లు వేసింది. అంతే, గ్లాసంతా ఇటుక రంగుకు తిరిగిపోయింది. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడటం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. బట్ట పాడైందని విసుక్కున్నానే తప్ప, ఆ మరక నాకేదో చెబుతోందని ఏనాడూ అనుకోలేదు. ఇందులో క్షారం ఉంది అని చెబుతోందట!

తర్వాత ఆ ఎర్ర గ్లాసులోనే నిమ్మరసం చుక్కలు చుక్కలుగా వేసింది. ఒక చుక్క దగ్గర ఎరుపు గబుక్కున విరిగి మళ్లీ పసుపు వచ్చేసింది. ఆడవాళ్లిద్దరూ చప్పట్లు కొట్టారు. మా తమ్ముడు, ఓహో, సోడాకు నిమ్మరసం విరుగుడన్నమాట, తెలిసిపోయిందమ్మా అని టీ తాగడానికి లేచిపోయాడు. అసలు సంగతి వాడు వెళ్లాక చెప్పింది మీ అమ్మాయి. గ్లాసులో ఉన్నవి పలచన కాబట్టి చల్లగా కలిసిపోయాయి, అదే చిక్కటి సోడాలో చిక్కటి యాసిడ్ పడితే సలసల కాగుతుంది, అందుకని ఒంటి మీద ఏది పడినా రెండోదాన్ని విరుగుడని పోయకండి, నీళ్లు, ఒట్టి నీళ్లు, బోలెడు నీళ్లు అంది. ఈ సగం పాఠం వినకపోవడం వల్ల మా తమ్ముడు ఏం చేశాడో ముందు ముందు చెబుతాను.

మా తమ్ముడి గురించి మీకు కొంచెం తెలియాలి. జీవితమంతా బస్సు నడిపాడు. ఉద్యోగం అయిపోయాక ఇంట్లో కాలు నిలవక మా షెడ్డులో చేరాడు. బస్సు పోయింది కానీ తొందర పోలేదు. అచ్చులో సబ్బు ఆరకముందే కత్తి పట్టుకుంటాడు. షెడ్డులో అందరూ వాణ్ణి ఎక్స్‌ప్రెస్ అంటారు. పిలిస్తే పలుకుతాడు కూడా.

ఇక మీ అమ్మాయి. కాలేజీ ల్యాబు పని మానేసి మా ఇంటికి వచ్చినప్పుడు, ఈ పిల్లకు మా షెడ్డు ఏం నచ్చుతుందిలే అనుకున్నాను. వచ్చిన వారానికే చీపురు పట్టింది. సీసాలన్నీ కిందికి దింపింది. తాగే నీళ్ల సీసాలో సోడా నీళ్లు, పచ్చడి జాడీలో బాత్రూము కడిగే యాసిడ్, దాని పక్కనే బ్లీచింగ్ పొడి. యాసిడ్, బ్లీచింగ్ ఒకే అరలోనా అత్తయ్యా అని తెల్లబోయింది. అవి కలిస్తే ఊపిరి ఆగిపోయే పొగ వస్తుందట. ఆ రెంటినీ చెరో గదిలో పెట్టింది. ప్రతి సీసాకూ పేరు అంటించింది. చదువు రాని వాళ్లకు తెలిసేలా సోడాకు నీలం పట్టీ, యాసిడ్‌కు ఎర్ర పట్టీ చుట్టింది. సోడా కలపడానికి ఎవరో తెచ్చిన అల్యూమినియం గిన్నెను, ఇందులో పోస్తే గిన్నెను తినేసి గాలి బుడగలు పుట్టిస్తుంది, ఆ గాలికి నిప్పు తగిలితే భగ్గుమంటుంది అని చెప్పి వంటింటికి పంపేసింది.

ఆ గొంతులో ఎక్కడా అధికారం లేదు వదినగారూ. అదే నాకు ముచ్చట. ఇన్నాళ్లూ మీరు తప్పు చేశారు అన్న మాట ఒక్కసారి కూడా అనలేదు. ఇది ఎందుకో చెప్పనా అని అడుగుతుంది, మనం ఊఁ అన్నాక చెబుతుంది. సోడాను నీళ్లలో వేయాలి, నీళ్లను సోడా మీద పోయకూడదు అని నేనూ మొదటి నుంచీ అలాగే చేసేదాన్ని. మా అత్తగారు అలా చేసేది కాబట్టి చేశాను. మీ అమ్మాయి కారణం చెప్పింది. ముందు నీళ్లుంటే, సోడా కరిగేటప్పుడు పుట్టే వేడిని ఆ నీళ్లన్నీ పంచుకుంటాయి. ముందు సోడా ఉండి పైన కాసిని నీళ్లు పడితే, ఆ కాసిని నీళ్లే వేడంతా మోయలేక మరిగి మీదికి ఎగురుతాయి. యాసిడ్‌కూ అదే సూత్రం అంది. ఆ మాట విన్నాక రోజూ చేసే పనే నాకు కొత్తగా కనిపించింది.

అన్నిటికంటే పెద్ద పేచీ కుళాయి దగ్గర వచ్చింది. షెడ్డు తలుపు పక్కన భుజమంత ఎత్తులో ఒక కుళాయి పెట్టించి, దానికి మెత్తగా నీళ్లు చిమ్మే మూతి బిగించి, కింద నేల మీద పసుపు రంగుతో ఒక చదరం గీసింది. ఈ చదరంలో ఎవరూ ఏమీ పెట్టకూడదు, కళ్లు మూసుకుని వచ్చినా కాలికి ఏదీ తగలకూడదు అంది. మా తమ్ముడికి గాలి తగిలే చోటు అదొక్కటే. రోజూ కుర్చీ తెచ్చి ఆ చదరంలోనే వేస్తాడు. మీ అమ్మాయి రోజూ వచ్చి, లేవండి మావయ్యా అని కుర్చీ ఎత్తి పక్కన పెడుతుంది. నీ కుళాయికి ముద్ద పెట్టి పెంచుతున్నావేంటమ్మా, ఒక్కనాడూ వాడింది లేదు అని వాడి వేళాకోళం. వాడకపోతే సంతోషమే మావయ్యా అని ఈ పిల్ల జవాబు. ఉదయం షెడ్డు తెరవగానే ఆ కుళాయి తిప్పి, నిలవ నీళ్లు పోయి శుభ్రమైనవి వచ్చేదాకా ఆగి, కట్టేసి, అప్పుడు పని మొదలుపెడుతుంది. వాడని కుళాయిని ప్రతి పూటా తిప్పి చూసే ఓపిక నాకైతే లేదు.

ఇక ఆ రోజు సంగతి.

ఉదయం పని మొదలైన వేళ. ముందు రోజు మిగిలిన సోడా బిళ్లలు ఒక బకెట్టు అడుగున తేమ పీల్చుకుని గడ్డకట్టి ఉన్నాయి. బకెట్టు మీద నీలం పట్టీ ఉంది. మా ఎక్స్‌ప్రెస్‌కు పట్టీ కనపడలేదు, బకెట్టు మురికిగా ఉందని మాత్రం కనపడింది. కడిగేద్దామని టీకి కాగుతున్న వేణ్ణీళ్లు చెంబుతో తెచ్చి అందులో కుమ్మరించాడు. నేను ఆ బకెట్టు పక్కనే, షెడ్డులో కంటికి అడ్డంగా పెట్టుకునే కళ్లజోడు లేకుండా, లోపలికి వంగి చూస్తూ నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానని అడక్కండి. నా తెలివి అలా ఏడ్చింది.

ఇక్కడ మీ అమ్మాయి కలం ఆగిపోయింది. రాయవే అన్నాను. రాయనంటోంది. చెబుతున్నది నేనా నువ్వా అన్నాను. రాసింది.

బకెట్టు ఒక క్షణం బుసలు కొట్టి, భళ్లున పైకి ఎగిరింది. నా ముఖం మీద పడింది. మొదట మంట తెలియలేదు వదినగారూ, జారుడు తెలిసింది. రెప్పలు నురగ పట్టినట్టు ఒకదాని మీద ఒకటి జారాయి. మన ఒంట్లో ఉన్న కొవ్వును పట్టుకుని సోడా అక్కడికక్కడే సబ్బు చేసేస్తుందట. ఇన్నేళ్లూ నేను సబ్బు చేశాను, ఆ పూట అది నన్ను సబ్బు చేయబోయింది. ఆ తర్వాత మంట వచ్చింది. దాని గురించి రాయించను. మీరు నిద్రపోవాలి కదా.

కేకలు నావో ఇంకెవరివో తెలియలేదు. అంతలో నా మెడ వెనక ఒక చెయ్యి పడింది. అత్తయ్యా నాతో రండి, ఏడడుగులో ఎనిమిదడుగులో, అంతే, అన్న మాట చెవి పక్కనే వినిపించింది. కాలికి ఏదీ తగల్లేదు. ఆ రోజు కుర్చీ అక్కడ లేదు. మరుక్షణం తల వంగి ఉంది, నీళ్లు కంట్లో పడుతున్నాయి.

మా తమ్ముడు అప్పటికే వెనిగర్ సీసా పట్టుకుని పరుగున వచ్చాడు. విరుగుడు, విరుగుడు, తప్పుకోమ్మా అని అరుస్తున్నాడు. మీ అమ్మాయి గొంతు పెంచలేదు. మావయ్యా, ఆ సీసా కింద పెట్టండి అంది. ఒట్టి నీళ్లతో ఏమవుతుందమ్మా, నువ్వే కదా చూపించావు ఎర్రది పసుపైపోయిందని, అని వాడు ఏడుస్తున్నాడు. అది గ్లాసు మావయ్యా, ఇది కన్ను, ఇందులో పోస్తే ఇక్కడే కాగుతుంది అంది. ఊరికే నిలబెట్టలేదు వాణ్ణి. పని చెప్పింది. వెళ్లి బండి తియ్యండి, ఇంట్లో ఎన్ని మంచినీళ్ల సీసాలుంటే అన్నీ అందులో పెట్టండి, ఆసుపత్రికి ఫోను చేసి కంట్లో కాస్టిక్ పడింది, వస్తున్నాం అని చెప్పండి అంది. వాడు సీసా కింద పెట్టి బండి వైపు పరుగెత్తాడు.

నేను పెట్టిన గోల మామూలుది కాదు. కాసేపటికి మంట తగ్గినట్టు అనిపించి, చాలు వదులు, తగ్గింది అన్నాను. వదల్లేదు. తగ్గినట్టు ఉంటుందత్తయ్యా, లోపలికి పోతూనే ఉంటుంది అంది. యాసిడ్ అయితే పైన చర్మాన్ని గట్టిగా చేసుకుని చాలాసార్లు అక్కడే ఆగుతుందట. క్షారం అలా కాదు, మెత్తబరుచుకుంటూ, దారి చేసుకుంటూ లోలోపలికి పోతుందట. దాన్ని తరిమేది నీళ్లొక్కటే, అదీ అరగంటకు తక్కువ కాకుండా. రెప్పలు నా అంతట నేను తెరవలేకపోయాను. తన వేళ్లతో విడదీసి పట్టుకుంది. పైకి చూడండి, కిందికి చూడండి, ఇటు తిప్పండి అంటూనే ఉంది. ఒక కంట్లో నీళ్లు రెండో కంట్లోకి పోకుండా తల అటు వంచి, ఇటు వంచి పట్టింది. నేను తోశాను వదినగారూ. గోళ్లతో గీరాను కూడా. మీ అమ్మాయి మోచేతి మీద ఆ గీతలు ఇంకా ఉన్నాయట, మీ అల్లుడు చెప్పాడు. నేను చూడలేదుగా.

అంతసేపూ నన్ను మాట్లాడించింది. అత్తయ్యా, మీరు మొదటిసారి చేసిన సబ్బు ఏ రంగులో వచ్చింది అని అడిగింది. ఆ మంటలో అదేం ప్రశ్న! బూడిద రంగులో వచ్చిందే, బండరాయిలా వచ్చిందే, వదులు అని అరిచాను. ఎవరికి అమ్మారు అంది. ఎవరు కొంటారే దాన్ని, తలుపు కదలకుండా అడ్డం పెట్టుకున్నాం అన్నాను. అచ్చుల దగ్గర ఆడవాళ్లు ఏడుస్తూనే నవ్వారు. నేనూ నవ్వానట. నాకు గుర్తులేదు.

బండిలో కూడా ఆపలేదు. నా తల తన ఒళ్లో పెట్టుకుని, సీసా వెనక సీసా వంచుతూనే ఉంది. మా తమ్ముడు ఆ రోజు నడిపినట్టు జీవితంలో నడపలేదు. వేగంగానే పోయాడు, కానీ ధార కంటి మీద నుంచి పక్కకు తప్పలేదంటే చూడండి. గతుకు వస్తే ముందే చెప్పాడు. అక్కా, కుదుపు, అమ్మా, కుదుపు అని.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు చేసిన పని వింటే మీకు నవ్వొస్తుంది. కింది రెప్ప లాగి, అక్కడ సన్నని రంగు కాగితం ముక్క ఒకటి తాకించింది. మీ అమ్మాయి షెడ్డులో సబ్బుకు తాకించి చూసే కాగితమే! కాగితం రంగు చూసి, ఇంకా కొంచెం ఉంది అని సెలైన్‌తో మళ్లీ కడిగింది. మళ్లీ కాగితం. మళ్లీ కడిగింది. రంగు మామూలుకు వచ్చాక కూడా కాసేపు ఆగి ఇంకోసారి తాకించి చూసి, అప్పుడు ఊపిరి పీల్చుకుంది. కడిగింది ఎవరు అని అడిగింది. మీ అమ్మాయి వైపు చూపించారట. డాక్టరమ్మ ఆ పిల్ల భుజం తట్టి, నేను చేసేది ఇక వైద్యం, కళ్లు కాపాడటం నువ్వు అప్పుడే చేసేశావు అంది. ఈ మాట నేను నా చెవులతో విన్నాను. కుడి కన్ను తొందరగా తేరుకుంటుందట. ఎడమ కంటికి ఇంకా చాలా వారాలు మందు వేయాలి, కానీ చూపు వస్తుంది అంది. రోజూ కట్టు విప్పి చుక్కలు వేసినప్పుడు కుడి కంట్లో వెలుతురు, కిటికీ చట్రం, మీ అమ్మాయి ముఖం మసకగా కనిపిస్తున్నాయి. ముక్కు ఎక్కడుందో తెలుస్తోంది. మీ ముక్కే వదినగారూ, అచ్చం.

ఇంటికి వచ్చాక మా తమ్ముడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. పెరట్లో అరుగు మీద గోడకు ముఖం పెట్టి కూర్చున్నాడు. నేను పిలిస్తే రాడు. మీ అల్లుడు కోపంతో వాడితో మాట్లాడటం మానేశాడు. మీ అమ్మాయి వెళ్లి పక్కన కూర్చుంది. ఏం తిట్టలేదు, ఏం ఓదార్చలేదు. మావయ్యా, బకెట్టు మీద పట్టీ మీకు ఎందుకు కనపడలేదు అని అడిగింది. పట్టీ అటు వైపు తిరిగి ఉందమ్మా అన్నాడు. అయితే తప్పు నా పట్టీది కూడా, చుట్టూ తిరిగేలా కట్టాలి, మీరే కట్టండి అంది. అప్పుడు లేచాడు. ఇప్పుడు షెడ్డులో ప్రతి బకెట్టుకూ నడుం చుట్టూ పట్టీ ఉంది. వాడిదే తనిఖీ. కళ్లజోడు, రబ్బరు చేతితొడుగులు, ఒంటి ముందు కట్టుకునే ఏప్రాన్ లేకుండా ఎవరైనా గడప దాటితే, టిక్కెట్టు లేని ప్రయాణికుణ్ణి దింపినట్టు దింపేస్తున్నాడట. మొన్న కరెంటు మనిషి మీటరు చూడటానికి వస్తే అతనికీ కళ్లజోడు పెట్టాడు.

ఇదీ జరిగింది. ఇప్పుడు మీ మాటకు వస్తాను.

మీరు సూదిలో దారం ఎక్కించి పిల్లను చదివించారు. కళ్లంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ భయం తప్పని కూడా అనను. సోడా సోడాయే, దానికి చుట్టరికం తెలియదు. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. ఈ పిల్ల రాకముందు కూడా మా షెడ్డులో అదే సోడా, అదే తొందర, అదే బకెట్టు. ఆ కుళాయి మాత్రం లేదు. అప్పుడు ఇదే జరిగి ఉంటే నా తమ్ముడు ప్రేమ కొద్దీ నా కంట్లో వెనిగర్ పోసేవాడు, నేను ప్రేమ కొద్దీ పోయించుకునేదాన్ని. ఈపాటికి ఈ ఇంట్లో ఒక గుడ్డి ముసలమ్మ ఉండేది.

నా కోసం ఉంచుకుంటానని అడగడం లేదు. అలా అడిగితే స్వార్థం. అచ్చుల దగ్గర ఉన్న ఆడవాళ్లకు ఇంట్లో పిల్లలున్నారు. ఈ మధ్య వాళ్లు తమ ఇళ్లలో కూడా యాసిడ్ సీసాలు పిల్లలకు అందని అరలో పెట్టి, తాగే నీళ్ల సీసాల్లో పోయడం మానేశారట. మీ అమ్మాయి ఒక్కచోట కూర్చుని చెప్పిన మాట ఎన్ని ఇళ్లకు పాకిందో చూడండి. పిల్లకు వెళ్లాలనుంటే నేనే సామాను సర్ది బండెక్కిస్తాను, నా మీద ఒట్టు. నిన్న అడిగాను, మీ అమ్మ రమ్మంటోంది, నీకేమనిపిస్తోంది అని. అత్తయ్యా, రెండో కుళాయి అచ్చుల వైపు కూడా ఒకటి కావాలి, అది పెట్టించాక ఆలోచిస్తా అంది. ఇక నేనేం చెప్పను?

మీరు కన్నారు, పెంచారు, అంత ధైర్యం, అంత నిదానం ఆ చేతుల్లో పెట్టారు. నాకు అందింది మీరు పండించిన పంట. ఇంత మంచి పిల్లను ఇచ్చినందుకు ఎప్పుడో కాళ్లకు మొక్కాల్సింది, వియ్యపురాలినన్న బెట్టుతో ఊరుకున్నాను. ఇప్పుడు రాయిస్తున్నాను, స్వీకరించండి.

మీ అమ్మాయి ముక్కు ఎగబీలుస్తోంది. జలుబట.

అన్నయ్యగారికి నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. మీరు కోప్పడి రాసినా సరే, తొందరగా రాయండి.

ఇట్లు,
కట్టు వెనక నుంచి మిమ్మల్నే తలుచుకుంటున్న
మీ వదిన

తా.క.

అమ్మా, ఇది నేను. మావయ్య ఉత్తరం మొత్తం చదివి వినిపించాడు, అత్తయ్య సరే అంది, కవరు అంటించమని నాకిచ్చి పడుకుంది. ఈ ముక్క ఆవిడకు తెలియదు.

ఆవిడ చెప్పినవన్నీ రాశాను. అందులో ఒకటి నిజం కాదు. అత్తయ్య ఆ బకెట్టు పక్కన లేదు. షెడ్డు అవతల కొసన, సబ్బులు కోసే బల్ల దగ్గర ఉంది. ఆరిన సబ్బులే కాబట్టి అక్కడ కళ్లజోడు అవసరం లేదని నేనే చెప్పాను. బకెట్టు పక్కన ఉన్నది నేను.

మావయ్య ఆ ఉదయం కళ్లజోడు మరిచిపోయి వచ్చాడు. నాది తీసి ఆయనకు పెట్టాను, ఇంకోటి తెచ్చుకుందామని అటు తిరిగాను. అంతలో నీళ్లు పోసేశాడు. బుస్సుమన్న చప్పుడు విని ఆయన్ని వెనక్కి లాగబోయి నేను ముందుకు వంగాను. ఎలా వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో తెలియదు, అత్తయ్య నా వెనక నుంచి వచ్చి తన రెండు చేతులతో నా ముఖం మూసేసింది. నాకు చీకటైపోయింది. ఆ చీకట్లోనే చప్పుడు విన్నాను. చేతులు నా ముఖం మీద ఉంటే, తన ముఖానికి అడ్డం పెట్టుకోవడానికి ఆవిడకు ఏమీ మిగల్లేదు. నా భుజం మీదుగా ఎగిరింది ఆవిడ కళ్లలో పడింది. నా మీద ఒక్క చుక్క పడలేదమ్మా.

కళ్ల సంగతి అంత వివరంగా రాయించింది, చేతుల సంగతి ఒక్క ముక్క రానివ్వలేదు. రెండు చేతుల వెనక వైపూ మణికట్టు దాకా చర్మం ఊడింది. నన్ను తోయనప్పుడల్లా కుళాయి గొట్టాన్ని గట్టిగా పట్టుకుని నిలబడటం వల్ల నీళ్లు వాటి మీద నుంచి కూడా పోయాయి, అందుకే అంతటితో ఆగింది. మానతాయి, మచ్చలు మాత్రం ఉంటాయన్నారు. వాటికీ కట్లు ఉన్నాయి. అన్నం నేనే తినిపిస్తున్నాను.

డాక్టరమ్మకు కూడా బకెట్టులోకి తొంగిచూశానని చెప్పింది. ఎందుకలా అన్నారు అని అడిగాను. మీ అమ్మకు నీ పక్కదాకా వచ్చిందని తెలిస్తే నిన్ను ఇక్కడ ఒక్క పూట ఉంచదే అంది. దాచాలని నాతో ఒట్టు వేయించుకోబోయింది. ఒట్టు వేయలేదు, ఊఁ అని మాత్రం అన్నాను.

నీకు దాచడం నాకు చేతకావడం లేదు. నాకు ఎంత దగ్గరగా వచ్చిందో తెలిసి, అప్పుడు కూడా నేను ఇక్కడ ఉంటానంటున్నానని నీకు తెలియాలి. ఆవిడెవరో కూడా తెలియాలి.

బయల్దేరి రా అమ్మా. నన్ను తీసుకెళ్లడానికి కాదు. ఆవిడతో ఏమీ అనకు, అంటే అదేం లేదని నీతో పోట్లాటకు దిగుతుంది. ఊరికే పక్కన కూర్చుని, ఒక పూట ఆవిడకు నువ్వు అన్నం తినిపించు.

నీ కూతురు